పొలం అమ్మి పైలట్ చేసే ముందు
(విజయవాడలో ఒక కాలేజీ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలకు నమస్కారం. అందరి పేర్లూ చదవమన్నారు గానీ, చదివితే నా టైము అక్కడికే సరి, ఏమీ అనుకోకండి.

పైలట్ ఎలా కావాలో చెప్పమన్నారు. త్వరగా చెప్పేస్తాను. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, క్లాస్ వన్ మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష పాసవ్వాలి, నావిగేషన్, మెటియొరాలజీ లాంటి పరీక్షలు రాయాలి, 200 గంటలు ఎగరాలి. ఖర్చు అరకోటి దాటుతుంది. ఎవరో "అబ్బో" అన్నారు, అనాల్సిందే.

ఎగరడం మాత్రం చెప్పి తీరాలి. మొదటి సోలో రోజున, అంటే మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజున, ఇన్‌స్ట్రక్టర్ దిగిపోతాడు. ఆ చిన్న సెస్నా విమానంలో ఒక మనిషి బరువు తగ్గేసరికి అది మనం అనుకున్నదానికంటే ముందే లేచిపోతుంది, పక్కకి చూస్తే సీటు ఖాళీ. వినేవాళ్లు లేకపోయినా చెక్‌లిస్టు గట్టిగా, పైకే చదువుకున్నాను.

ఇక సెక్యూరిటీ. గన్నవరంలో చేతి సంచిలో కారం ప్యాకెట్టు పట్టుకెళ్తానంటే కుదరదండీ, కళ్లలో పడితే ఏమవుతుందో గుంటూరు పక్కనున్న మనకి వేరే చెప్పాలా, చెకిన్ లగేజీలో వేసేయండి. అక్కడ తనిఖీ చేసే కేంద్ర బలగం, సీఐఎస్ఎఫ్ వాళ్ల మీద నేను జోకులు వేయను. 1999 డిసెంబరులో మన ఐసీ 814 విమానం హైజాక్ అయ్యాక, ఆ మరుసటి ఏడాది నుంచే ఎయిర్‌పోర్టుల కాపలా వాళ్ల చేతికి రావడం మొదలైంది. కొందరు పైలట్లు గింజుకుంటారు, "విమానమే నా చేతిలో ఉంటే నా నెయిల్ కట్టర్ ఎందుకయ్యా" అని. అదే నా భయం కూడా, విమానమే వాడి చేతిలో ఉంది!

2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానం ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల్లో కూలి 150 మంది పోయారు. కెప్టెన్ బయటికెళ్లగానే కో-పైలట్ కాక్‌పిట్ తలుపు లాక్ చేసుకుని విమానాన్ని కొండల్లోకి దించేశాడు. 2001 సెప్టెంబరు 11 తర్వాత హైజాకర్లు రాకూడదని గట్టిగా చేసిన తలుపు అది, కెప్టెన్ ఎంత బాదినా రాలేదు. ఆ కుర్రాడికి డిప్రెషన్. పనికి వెళ్లొద్దని డాక్టర్ రాసిచ్చిన చీటీ కంపెనీకి చూపించకుండా చింపేశాడు. ఏ ఎక్స్‌రే మెషీన్‌లో కనపడుతుందండీ అది?

ఇప్పుడు మీరు, మూడో వరసలో నాన్నగారూ, పొలం అమ్మి చదివించారనుకోండి. మీవాడికి నెలలుగా నిద్ర పట్టడం లేదు. మెడికల్‌లో డాక్టర్ అంతా బాగానే ఉందా అంటే నిజం చెప్తాడా? అన్‌ఫిట్ అంటే అప్పెవరు తీరుస్తారు? నోరెత్తడు. మా బ్యాచ్‌లోనే ఒకడు అలా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాడు, నాకు తెలిసింది వాడు ఉద్యోగం మానేశాక. చెప్పినవాడికి వైద్యం చేయించి, ఆ నెలలూ జీతమిచ్చి, మళ్లీ సీట్లో కూర్చోబెట్టాలి. అలా చేస్తేనే నిజం చెప్తారు. బెదిరిస్తే ఇంకా బాగా దాచడం నేర్చుకుంటారు, అంతే.

బెల్లు కొట్టారు, ఒక్క నిమిషం. చేర్పించే ముందు అకాడమీలో ఎన్ని విమానాలున్నాయో అడగండి, సరే. లైసెన్స్ పోతే వచ్చే ఇన్సూరెన్స్ ఏదో కూడా కనుక్కోండి. ఇంట్లో వాడితో అనండి, "డబ్బు సంగతి మేం చూసుకుంటాం, ఒంట్లో బాగోకపోతే దాచకు" అని. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చోబెట్టి. ప్రశ్నలుంటే అడగండి.