పనిలో పని, ఈ పొట్ట కూడా!

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పావుగంటా అయిపోతుంది, ఏమీ అనుకోకండి.

గైనకాలజిస్టుగా నేను వినీ వినీ అలసిపోయిన మాట ఒకటుంది. "గర్భసంచి కోసం ఎలాగూ కోస్తారుగా డాక్టరమ్మా, పనిలో పని ఈ పొట్ట కూడా తగ్గించేయండి." ఒకే మత్తు, ఒకే సెలవు. ఆశపడటంలో తప్పేం లేదు. సాగిన చర్మం తీసి, కాన్పులకు విడిపోయిన కండరాలను దగ్గరికి కుట్టే టమ్మీ టక్‌ను గర్భసంచి ఆపరేషన్‌తో కలిపి చేయడం కొత్తేమీ కాదు. బరువు అదుపులో ఉండి, వేరే జబ్బుల్లేని వాళ్లకు చాలావరకు సాఫీగానే జరుగుతుంది. సిజేరియన్‌తో పాటు మాత్రం అడగకండి. అప్పటికి పొట్ట ఇంకా వదులుగా, ఉబ్బి ఉంటుంది. పైగా బాలింతల్లో రక్తం త్వరగా గడ్డకడుతుంది.

అసలు గర్భసంచి తీయాలా అన్నది ముందు అడగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, మన రెండు రాష్ట్రాల్లో ఎనిమిది దాటారు. ఇది మొదలుపెడితే ఆపలేను, వదిలేస్తున్నా.

ఒక టీచరమ్మ సంగతి చెప్తాను. 46 ఏళ్లు, గర్భసంచిలో గడ్డలు. నా పని అయ్యాక ప్లాస్టిక్ సర్జన్ అందుకున్నారు. మొత్తం 5 గంటలు. అంతసేపూ కాళ్లలో కదలిక ఉండదు. ఆ తర్వాత పొట్ట బిగిసిపోయి మనిషి నిటారుగా నిలబడలేదు, నడవాలంటే భయం. ఇంటికెళ్లిన మూడోరోజు ఎడమ పిక్క నొప్పి. వాళ్లత్తగారు పాపం, నూనె రాసి మర్దన చేసింది. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరింది. ఆయాసంతో ఐసీయూకి తెచ్చారు. బతికింది.

ఇంట్లో అందరూ అత్తగారినే తిట్టారు. నేను డిశ్చార్జి కాగితం తీసి చూశాను. కుట్లు, స్నానం, పథ్యం అన్నీ ఉన్నాయి. పిక్క నొప్పి అన్న మాటే లేదు. కింద సంతకం నాది. "నా చేతుల వల్లేనా అమ్మా?" అని ఆవిడ అడిగితే కాదన్నాను. నమ్మలేదు.

వెనక వరుసలో అమ్మలూ, ఫోన్లు తర్వాత చూసుకుందురు. పిక్క నొప్పి, ఒక్క కాలే వాపు, ఉన్నట్టుండి ఆయాసం... వీటిలో ఏదొచ్చినా మర్దన వద్దు, తెల్లారేదాకా ఆగొద్దు. ఆపరేషన్ ఎన్ని గంటలు, రక్తం గడ్డకట్టకుండా ఏమిస్తారు, ఎప్పుడు నడిపిస్తారు అని ముందే అడగండి. విసుక్కుంటే ఇంకోసారి అడగండి. "పొట్ట సంగతి ఆర్నెల్ల తర్వాత చూద్దాం" అన్న డాక్టరును మాత్రం మార్చకండి.

ఇన్సూరెన్సు గురించి ఎవరో చీటీ పంపారు. అందం కోసం చేసే ఆపరేషన్‌కు డబ్బు రాదమ్మా. రెండు బిల్లులూ విడివిడిగా రాయించుకోండి.