చార్జర్‌లో ఉన్నది ఒట్టి రాగి కాదు! పూత కనపడక మోసం అంటున్నారు

ఏటండీ ఈ గోల! ఎవరో వైర్‌లెస్ చార్జర్ విప్పాడు, లోపల రాగి చుట్ట తళతళ మెరిసింది, "తొడుగు లేని తీగ పెట్టి మోసం చేశారు" అని అరిచాడు. ఇక చూడండి, ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా ప్రతి గ్రూపులోనూ అదే వీడియో!

బాబూ, ఆ తీగకి ఎనామిల్ పూత ఉంది, అంటే కరెంటు దాటనివ్వని సన్నని వార్నిష్ పొర. మల్టీమీటర్‌ని కరెంటు దారి ఉంటే బీప్ కొట్టే మోడ్‌లో పెట్టి, పక్కపక్క చుట్ల మీద మొనలు ఊరికే ఆనించు, బీప్ రాదు. ఆనించినచోట బ్లేడుతో గీకి మళ్లీ పెట్టు, మోగుద్ది. బోరు మోటార్లు వైండింగ్ చేసే ఏ కుర్రాణ్నడిగినా నవ్వుతాడు.

నా మాట రాసి పెట్టుకోండి. వైర్‌లెస్ చార్జర్‌లో అసలు సరుకు చిప్ కాదు, పూత. పూత!

ఎందుకంటారా? మన ఫోన్లకి వాడే క్యూఐ (Qi) రకం వైర్‌లెస్ చార్జర్లలో కరెంటు సెకనుకి లక్షసార్లకు పైగా అటూ ఇటూ ఊగుతుంది. ఆ వేగంలో అది తీగ నడిమికి పోదు, రాగి పైపైన 0.2 మిల్లీమీటర్ల లోతులోనే పాకుతుంది. అందుకని మంచి కాయిల్‌కి, అంటే ఆ రాగి చుట్టకి, లావు తీగ వాడరు. సన్నని పోగులు పేనుతారు, ఒక్కో పోగుకీ విడిగా పూత వేస్తారు. దాన్నే లిట్జ్ వైర్ అంటారు. పూత పోయి పోగులన్నీ అంటుకున్నాయా, లావు తీగకీ దానికీ ఇక తేడా లేదు.

"అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టులే కదా అన్నా" అని కింద రాయకండి. కాయిల్, కెపాసిటర్ కలిసి ఊగేటప్పుడు కాయిల్ కొసల మధ్య వోల్టేజ్ అంతకి ఎన్నో రెట్లు లేస్తుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య కాపలా ఆ పూతే. రెండు చుట్లు షార్ట్ అయితే ఆ వలయంలో కరెంటు వృథాగా తిరిగి వేడెక్కుతుంది. ఆ వేడి ఎక్కడ? సరిగ్గా మీ ఫోన్ బ్యాటరీ కింద! చవక చార్జర్ పెనంలా కాలితే సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. నేనైతే ముందు పూతనే అనుమానిస్తా.

పోనీ పూత మందంగా వేస్తే పవర్ ఆగిపోతుందా? ఆగదు. అయస్కాంత క్షేత్రానికి పూత అడ్డు కాదు, లోహం అడ్డు. 2017లో ఐఫోన్ 8కి వెనక అద్దం వచ్చింది అందుకే. మందం పెరిగితే ఫోన్ కాస్త దూరం జరుగుతుంది, అది కొంత నష్టమే.

ఇప్పుడు అసలు మంట! ఇన్సులేటింగ్ వార్నిష్‌లకి పనికొచ్చే ముడిసరుకు మన పలాసలో గుట్టలు పడి ఉంది. జీడిపిక్కల తొక్క! ఒలిచేవాళ్ల చేతులు నల్లగా కాల్చేసే ఆ తొక్క నూనె నుంచే కార్డనాల్ అనే రసాయనం తీస్తారు, దాంతో రెజిన్లు (గట్టిపడే జిగురు పదార్థాలు), వార్నిష్‌లు చేస్తారు. బ్రేక్ లైనింగుల్లోనూ వాడతారు. మనమేమో పప్పు అమ్ముకుని, తొక్కని పొయ్యిలోకి తోసేస్తున్నాం. చార్జర్ కాయిల్‌కి జీడి పూత ఎందుకు పనికిరాదో ఎవరైనా నాకు చెప్పండి! కుదరదంటే కారణం రాయండి, ఊరికే నవ్వే బొమ్మలు పెట్టకండి.

పలాస, కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీల వాళ్లు ఎవరైనా చూస్తుంటే కామెంట్ పెట్టండి. కార్డనాల్ రెజిన్ వార్నిష్ ఒక డబ్బా దొరికితే కాయిల్ ముంచి, ఆరబెట్టి, మీటర్ పెట్టి లైవ్‌లోనే చూపిస్తా.