ఆ కుప్పను చెత్త అనకండి
(ప్రపంచ మత్స్యకారుల దినోత్సవం నాడు విశాఖపట్నంలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, గుమ్మం దగ్గర గంప దించి లోపలికి వచ్చిన అక్కలకు, కుర్చీలు చాలక వెనకాల నిలబడిపోయిన రేవు తమ్ముళ్ళకు నమస్కారం. నాకు ఇచ్చిన పదిహేను నిమిషాల్లో నాలుగు నిమిషాలు నా పరిచయానికే అయిపోయాయి కనుక, పేరుపేరునా చెప్పలేకపోతున్నందుకు మిగతా పెద్దలు మన్నించాలి.

ఆహ్వాన పత్రికలో నా అంశం ‘మితిమీరిన వేట, సముద్ర పర్యావరణం’ అని వేశారు. కారణాలు, ఫలితాలు, చట్టాలు అని మూడు భాగాలుగా రాసుకొని కూడా తెచ్చాను. అయితే ఈ ఉదయం ఇక్కడికి వచ్చే ముందు అలవాటుకొద్దీ రేవుకు వెళ్ళాను. అక్కడ మంచి సరుకు వేలంపాట ముగిసిన తరువాత జెట్టీ అంచున మోకాలెత్తున పోసిన ఒక కుప్పను పారలతో లారీకి ఎత్తుతున్నారు. ‘ఇదేమిటి?’ అని తెలియనట్టు అడిగితే, ‘చెత్త చేప, మాస్టారూ’ అన్నాడు ఒక కళాసీ. ముప్పై నాలుగేళ్ళు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి, జాలరి ఇంట పుట్టినవాణ్ణి, ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఒక దోసిలి అడిగి తీసుకొని, పాత దినపత్రిక మీద పరిచి లెక్కపెట్టాను. నలభై మూడు ప్రాణులు. అందులో కారలు, నెత్తళ్ళు సరే, అవి పుట్టుకతోనే చిన్నవి. కాని తొమ్మిది కానాగంతలు నా చిటికెన వేలికి మించి లేవు. ఒక టేకు చేప పిల్ల అరచేతిలో పట్టేంతే ఉంది. వెన్ను మీద నీలి మెరుపు ఇంకా ఆరని రెండు వంజరం పిల్లలు కూడా ఉన్నాయి. వంజరం గుడ్లకు రావాలంటే దాదాపు మూరన్నర పెరగాలి. పెరిగితే మీ ఇంట్లో పండుగ కూర కావలసిన చేప కిలో ఇన్ని రూపాయలని తూకం వేయించుకొని, చేపల్ని ఎండబెట్టి పొడి చేసే మిల్లుకు పోయి, కోళ్ళ దాణాలోనో రొయ్యల మేతలోనో కలిసిపోతుంది. దేశంలో చెరువు రొయ్యకు మన రాష్ట్రమే మొదటిదని గర్వంగా చెప్పుకుంటాం. ఆ రొయ్య తినే మేతలో సముద్రపు పిల్లచేప ఎంత ఉందో మాత్రం అడగం.

మా అమ్మ నెత్తళ్ళు ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగి బియ్యానికి మార్చేది. ఆమెకు పులుసు చేప తెలుసు, ఎండు చేప తెలుసు, పిల్లచేప తెలుసు. చెత్త చేప అనే మాట ఆమె నోట నేను వినలేదు. అలాగని మా నాన్న కాలం వాళ్ళు అమాయకులని చెప్పబోను. ఒడ్డు నుంచి లాగే అలివి వలలోనూ పిల్లలు పడేవి. కాని ఆ వల మనుషుల రెక్కలు లాగగలిగినంత దూరమే పోయేది.

మర బోటు లాగే ట్రాల్ వల సంగతి వేరు. రెండు బరువైన బల్లలు నోరు తెరిచి పట్టుకుంటే, అది గంటల తరబడి సముద్రపు అడుగును దున్నుకుంటూ పోతుంది. అడుగున ఉన్న పురుగు, పీత, గుల్ల, వాటిని తిని బతికే చేప, అన్నీ చివరి సంచిలోకి చేరతాయి. గాలి పీల్చడానికి పైకి రావలసిన తాబేలు ఆ సంచిలోనే ఊపిరాడక పోతుంది. తాబేలు బయటపడే పరికరాలు మన వలలకు లేవన్న కారణంతోనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. ఇంకొక సంగతి విద్యార్థులు గమనించాలి. సంచి కన్ను వజ్రం ఆకారంలో ఉంటే, వల బిగుసుకోగానే ఆ కన్ను మూసుకుపోతుంది. అదే కన్ను చతురస్రంగా అల్లితే లాగినప్పుడూ తెరుచుకొనే ఉండి, వేలెడు చేప జారిపోతుంది. అల్లిక మార్చితే చాలే, ఎందుకు మార్చరు అని మీరు అడగవచ్చు. నేనూ ఒక సరంగును, అంటే బోటు నడిపేవాణ్ణి, అడిగాను. ‘మాస్టారూ, మీరు చెత్త అనొద్దంటారు. అది మాకు డీజిలు డబ్బులు’ అన్నాడు. దానికి నా దగ్గర ఆ రోజు సమాధానం లేదు. అతను చెప్పింది అబద్ధం కాదు. మంచి చేప దొరకడం తగ్గినకొద్దీ బోటు ఇంకా దూరం పోవాలి, ఇంకా డీజిలు తాగాలి, ఆ ఖర్చు పూడ్చడానికి ఇంకా పిల్లచేప తేవాలి. ఆ పిల్లచేప రావడం వల్లే వచ్చే ఏడు మంచి చేప మరింత తగ్గుతుంది.

వేట నిషేధం ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. తూర్పు తీరంలో 2015 నుంచి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్లు కదలకూడదు. అంతకు ముందు 47 రోజులే ఉండేది. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలైంది. అది రెండు నెలల ఇంటి ఖర్చుకు చాలుతుందో లేదో వెనక నిలబడ్డవాళ్ళు చెప్పాలి. నా బాధ వేరే. 61 రోజులు తల్లిని కాపాడి, 62వ రోజు తెల్లవారుజామున ఆ తల్లి పెట్టిన పిల్లల మీదికే వల దించుతున్నాం.

ఇలా చేసినవాళ్ళకు ఏమైందో ఒక్క ఉదాహరణ చెప్పి, నా కాగితాలు మడిచేస్తాను. కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ అనే చోట కాడ్ చేపను దాదాపు 500 ఏళ్ళు పట్టారు. 1950ల తరువాత ఇతర దేశాల పెద్ద పెద్ద ట్రాలర్లు వచ్చి పడ్డాయి. 1977లో కెనడా 200 మైళ్ళ హద్దు గీసి వాళ్ళను తరిమి, ఆ చోట తన ట్రాలర్లనే దించింది. చేప చిన్నదవుతోందని ఒడ్డున వేటాడే జాలర్లు 1980లలోనే మొత్తుకున్నారు. వాళ్ళ మాట ఎవరూ పట్టించుకోలేదు. 1992 జూలైలో వేట ఆపేశారు. సుమారు 30,000 మంది పనులు పోయాయి. రెండేళ్ళకని చెప్పిన నిషేధం 2024 వరకు, అంటే ముప్పై రెండేళ్ళు సాగింది. ‘పరాయి బోట్లే మన చేపను ఊడ్చేస్తున్నాయి’ అని మన సభల్లో చప్పట్లు కొట్టినప్పుడల్లా నాకు ఆ 1977 గుర్తుకొస్తుంది.

అయ్యా, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, రెండు నిమిషాలు. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి సభలోనే పిల్లచేప కొనుగోలును అరికట్టాలని ఒక తీర్మానం రాసి ఇచ్చాను. సభ ముగిశాక చూస్తే తీర్మానాల జాబితాలో శాలువాలకు కృతజ్ఞతలు ఉన్నాయి, నా వాక్యం లేదు. అందుకని ఈసారి తీర్మానం తేలేదు, ఒక కర్ర తెచ్చాను. మా వీధి వడ్రంగి చేసిపెట్టాడు. కేరళ 2015లో పట్టదగిన చేపకు కనీస పొడవు ఇంత అని నిర్ణయించడం మొదలుపెట్టింది. నూనె కవ్వలకు 10 సెంటీమీటర్లు, కానాగంతకు 14. ఆ రెండు గీతలూ దీని మీద ఉన్నాయి. పైన ఎర్ర గీత మూరన్నర దగ్గర, అది వంజరానిది.

సరుకు కొనే వ్యాపారులు ముందు వరుసలోనే కూర్చున్నారు. బాబూ, మీరు కొనకపోతే సరంగు తేడు, మీకూ తెలుసు. ఈ కర్ర మీలో ఎవరైనా ఒకరు తీసుకోండి. నేను రేపు నాలుగు గంటలకు పాట దగ్గర ఉంటాను.