రాడ్డు పెట్టావా, లేక రాసేశావా?

తమ్ముడు: ఆ, రికార్డు అవుతోంది. అక్కా, కాస్త మైకు దగ్గరికి జరుగు. పోయినసారి నీ గొంతు కంటే ఫ్యానే ఎక్కువ వినబడిందని మన పుత్తూరు పెద్దాయన మళ్ళీ మెసేజ్ పెట్టాడు.

అక్క: ఆయనకు ఫ్యాను గోల తప్ప ఇంకేమీ చెవిన పడదు. సరే, ఈసారి ఏమనుకున్నాం?

తమ్ముడు: వానల్లోపు కంపోస్టు షెడ్డులో చూసుకోవాల్సిన భద్రత. కుప్పల నుంచి కారే ఊట నీళ్ళ గుంట, గ్యాసు, మంటలు, మాస్కులు. మన తిరుపతి వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, 2021 నవంబరు వరదలు ఎవరూ మరిచిపోయి ఉండరు.

అక్క: అన్నీ చెబుతా. ముందు ఉష్ణోగ్రత.

తమ్ముడు: అయిపోయింది. ఉష్ణోగ్రత అన్నావంటే మిగతావి గోవిందా.

అక్క: విను ముందు. ఈమధ్య ఒక షెడ్డుకు వెళ్ళాను, ఎవరిదని అడక్కు. వేడి రాసే రిజిస్టరు తీస్తే ఒకటో కుప్ప వరుస 62 డిగ్రీలు, రెండో వరుస 62, మూడో వరుస 62. ముందు వారం 62, దానికి ముందు వారం 62. అంతా ఒకే నీలం పెన్ను, ఒకే వాలు, ఆదివారాలతో సహా. ఆదివారం ఆ షెడ్డుకు తాళం! కుప్పలో గుచ్చి వేడి చూసే థర్మామీటరు రాడ్డు ఎక్కడుందయ్యా అంటే గోడ వెనకనుంచి తెచ్చారు. డయలు అద్దం లోపలంతా చెమ్మ, ముల్లు 40 దగ్గర అతుక్కుపోయి ఉంది. వేలితో టకటకా కొడితే 45కి పోయి అక్కడ కూర్చుంది.

తమ్ముడు: (నవ్వు) కూర్చున్నచోటే అంకెలు రాసేసే మన ఆస్థాన జ్యోతిష్యుడు ఇంకా అక్కడే ఉన్నాడా?

అక్క: ఆయన మాట ఎత్తకు, నాకు బీపీ.

తమ్ముడు: అందుకే కదా నేను మొదటినుంచీ మొత్తుకునేది. సెన్సర్లు పెట్టండి, రీడింగ్ నేరుగా ఫోనుకొస్తుంది, పది నిమిషాలకొకటి. మనిషి అబద్ధం రాస్తాడు, సెన్సర్ రాయదు.

అక్క: సెన్సర్ తెలిసి అబద్ధం చెప్పదు, తెలియకుండా చెబుతుంది. కుప్ప మెత్తబడి కిందికి దిగేకొద్దీ నువ్వు మూడడుగుల లోతులో గుచ్చింది అడుగు లోతుకు వచ్చేస్తుంది. నీ ఫోనులో 38 అని మోగుతుంది. కుప్ప చచ్చిపోయిందనుకుని వీళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చి తిప్పేస్తారు. ఉన్న వేడి కాస్తా పోతుంది. ఇంక జేసీబీ వచ్చిందంటే మొదట తెగేది నీ వైరే. ఎలక్ట్రీషియన్ వచ్చి దానికి పుత్తూరు కట్టు కట్టినట్టు టేపు చుట్టి పోతాడు, మర్నాడు అమ్మోనియా పట్టి లోపల రాగి పచ్చబడుతుంది.

తమ్ముడు: ఇప్పుడు వైర్లెస్‌వి కూడా వచ్చాయి కదక్కా.

అక్క: వచ్చాయి. తిప్పేటప్పుడు ఎవడు పీకాలి? పీకడం మరిచిపోతే ఎక్కడ తేలుతుంది?

తమ్ముడు: జల్లెడలో.

అక్క: జల్లెడలో! నువ్వే చెప్పావు. చూడూ, అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ఎంత లోతులో, కుప్పలో ఏ చోట, తిప్పి ఎన్నో రోజున అన్నవి పక్కన ఉంటేనే దానికి అర్థం. అదే కుప్పలో పైన జానెడు లోపల 45 ఉంటుంది, నడుమ 65 ఉంటుంది, గాలి కొట్టే అంచున చేతికి చల్లగా తగులుతుంది. అమెరికాలో ఈపీఏ, అదే వాళ్ళ పర్యావరణ సంస్థ, నిబంధన చూడు. గాలి ఊదే కుప్పకైతే 55 డిగ్రీలకు తగ్గకుండా 3 రోజులు చాలు, తిప్పే వరుసలకైతే 15 రోజులు, ఆ రోజుల్లో కనీసం 5 సార్లు తిప్పాలి. ఎందుకంటావ్? అంచున చల్లగా ఉన్న సరుకు కూడా తన వంతుకు నడుమకు వచ్చి ఉడకాలి. లేదంటే రోగక్రిములు అంచునే దర్జాగా కూర్చుంటాయి, నువ్వు తీసుకెళ్ళి టమోటా మడిలో చల్లుతావు.

తమ్ముడు: సరే, మరి రోజూ రాడ్డు ఎవరు గుచ్చుతారు? ఎండాకాలం రేణిగుంట రోడ్డులో రేకుల షెడ్డు కింద నిలబడి చూశావా నువ్వు?

అక్క: నిలబడే మాట్లాడుతున్నా. నాలుగడుగుల రాడ్డు, రెండు చేతులతో ఏటవాలుగా దించాలి, పదిహేను మీటర్లకొక చోట, ఒక్కో చోట రెండు లోతుల్లో. ముల్లు కదలడం ఆగేదాకా ఆగాలి, అది మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. మనవాళ్ళు పది సెకన్లు ఆగి పీకేస్తారు. పీకేటప్పుడు ఆవిరి ముఖాన కొట్టి కళ్ళద్దాలు తెల్లబడతాయి, రాడ్డు కొసన అంటుకున్న సరుకు వాసన చూడు, పుల్లగా ఉంటే లోపల గాలి లేదని. పిడికెడు తీసి పిండు, చుక్కలు కారిపోతుంటే నీళ్ళెక్కువ, విప్పితే పొడిపొడిగా రాలితే తక్కువ. ఇవన్నీ నీ ఫోను చెబుతుందా?

తమ్ముడు: రాత్రి రెండు గంటలకు కుప్ప 75 దాటితే నీ రాడ్డు చెబుతుందా?

అక్క: ... చెప్పదు.

తమ్ముడు: ఆ మాట ఇంకోసారి అను, క్లిప్పు కట్ చేసుకుంటా.

అక్క: పోరా. అది తాజా కుప్పకు అంత అవసరం లేదు. ఎక్కడ అవసరమో చెబుతా, మంటల దగ్గర. దానికి ముందు, మామిడి సీజను దాటింది కదా, ఆ టెంకల సంగతి...

తమ్ముడు: వచ్చేశాయండీ టెంకలు! శ్రోతలారా, అక్క ఈసారీ టెంకల దగ్గరికి వస్తుందా రాదా అన్న పందెం ఎవరు గెలిచారో చూసుకోండి.

అక్క: నవ్వు నవ్వు. జూన్, జూలైలో చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీలన్నీ బెంగళూరా కాయ, అదే తోతాపురి, ఆడతాయి. తొక్క, టెంక లారీలకు లారీలు షెడ్డుకు వస్తాయి. తొక్కలో చక్కెర, నీళ్ళు, పులుపు. వచ్చిన రోజే వేరుశెనగ పొట్టో రంపపు పొట్టో చెరుకు పిప్పో కలపకపోతే తెల్లారేసరికి సారాయి బట్టీ వాసన, వీధి వీధంతా ఈగలు. కర్బనం 25, 30 పాళ్ళకు నత్రజని ఒక పాలు ఉండేట్టు కలుపుకోవాలి. టెంకను మాత్రం మర వేయకుండా కుప్పలో పారేస్తే మూడు నెలల తర్వాత కూడా టెంక టెంకగానే జల్లెడ మీద నిలబడుతుంది. పైగా టెంక లోపలి జీడిలో మంచి కొవ్వు ఉంటుంది, యూరప్‌లో చాక్లెట్‌లో కోకో వెన్నకు బదులు వాడుకోవడానికి ఒప్పుకున్న కొవ్వుల్లో అదీ ఒకటి. మనం దాన్ని చెత్తలో...

తమ్ముడు: అక్కా, చాక్లెట్ దగ్గరికి పోయాం. థర్మామీటరు కరెక్టా కాదా ఎట్లా తెలుస్తుంది? మెసేజ్‌లో అడిగారు.

అక్క: ఐసు ముక్కలు నీళ్ళలో వేసి బాగా కలిపి పెడితే 0 చూపించాలి. మరిగే నీళ్ళలో 100.

తమ్ముడు: తిరుమల కొండ మీద?

అక్క: అక్కడ 97 దగ్గరే మరుగుతాయి, ఎత్తు కదా. కింద ఊర్లో 99 పైచిలుకు.

తమ్ముడు: అంటే కొండ మీద సరిచేసిన రాడ్డు కింద...

అక్క: రాడ్డు తప్పు కాదు నాయనా, నువ్వు కొండ మీద 100 అనుకుని ముల్లు తిప్పితే తప్పు నీది. ఐసు నీళ్ళతో చూసుకో, ఎక్కడైనా 0 అంటే 0.

తమ్ముడు: మంటలు.

అక్క: ఆ. అందరూ పొగలు కక్కే పచ్చి కుప్పను చూసి భయపడతారు. అది ఆవిరి. తడి ఉన్నంతకాలం నీళ్ళు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతాయి. 70 దాటితే సూక్ష్మజీవులే చచ్చి వేడి తగ్గుతుంది, మామూలుగా. మండేది ఎక్కడంటే, వెనకాల ఎవరూ చూడని కుప్ప. జల్లెడ మీద మిగిలిన ముతక సరుకు, అమ్ముడుపోక నెలల తరబడి పది పన్నెండు అడుగుల ఎత్తున పేర్చినది. సగం ఎండి, సగం తడి. పైన ఎండిన పొర దుప్పటి, లోపలి వేడి బయటికి రాదు, ఒక దశ దాటాక జీవులతో పని లేదు, రసాయన చర్యే వేడి పెంచుకుంటూ పోతుంది. అక్కడ పెట్టు నీ సెన్సర్. అక్కడైతే జేసీబీ రాదు, మనిషీ పోడు.

తమ్ముడు: అంటే నేను గెలిచినట్టే.

అక్క: వెనక కుప్ప వరకు. ఎత్తు తగ్గించి, కుప్పల మధ్య బండి తిరిగే దారి వదిలితే సెన్సర్ కూడా అక్కర్లేదు. ఇంకొకటి, పొగ వస్తోందని వెంటనే జేసీబీతో చీల్చొద్దు. లోపలికి గాలి పోయి భగ్గుమంటుంది. నీళ్ళ ట్యాంకరు, పైపు పక్కన పెట్టుకుని కొద్దికొద్దిగా తీసి, పరిచి, తడపాలి. కుప్ప ఎక్కకూడదు అసలు, లోపల కాలి బోలు పడి ఉంటుంది, కాలు దిగబడుతుంది.

తమ్ముడు: గ్యాసు. దీన్ని నవ్వుతూ చెప్పొద్దు.

అక్క: చెప్పను. ఊట నీళ్ళ గుంటలో దిగొద్దు. మోటారు పైపు అడుగునుండే ఫుట్‌వాల్వు చెత్తతో మూసుకుపోయిందనీ, రెండు నిమిషాల పనేననీ దిగుతారు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగున పేరుకుంటుంది. కొంచెం ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, పది లక్షల పాళ్ళలో వంద పాళ్ళకు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన తగ్గిందిలే అని దిగుతాడు మనిషి. వాణ్ణి లాగడానికి ఇంకొకడు దిగుతాడు. ఆ రెండోవాడు... సరే.

తమ్ముడు: మనకు తెలిసినాయన బతికి బయటపడ్డాడు.

అక్క: పడ్డాడు, పైనున్నవాడు దిగకుండా తాడు వేశాడు కాబట్టి. ఇప్పటికీ గుంట వైపు రాడు. మోటారును గొలుసుతో పైకి లాగేట్టు బిగించుకోండి, ఖర్చు పెద్దదేం కాదు. తప్పదనుకుంటే ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే గ్యాసులు చూపే నాలుగు గ్యాసుల మీటరు పెట్టి, ఆక్సిజన్ 19.5 శాతానికి తక్కువుంటే ఎవరు చెప్పినా దిగొద్దు, కాంట్రాక్టరు చెప్పినా సరే.

తమ్ముడు: ...

అక్క: మాస్కు సంగతి ఒక్క ముక్క. తిప్పేటప్పుడు లేచే దుమ్ములో ఆస్పర్జిల్లస్ బూజు బీజాలు ఉంటాయి, వేడి కుప్పే దాని ఇల్లు. తువ్వాలు చుట్టుకుంటే ఆగవు, ఎన్95 కావాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు జల్లెడ పని ఇవ్వొద్దు.

తమ్ముడు: పుత్తూరు పెద్దాయన ఇంకో ప్రశ్న పెట్టాడు. 60 దాటితే వయ్యారిభామ గింజ చస్తుందా అని.

అక్క: నడుమనున్నది చస్తుంది, అంచునున్నది మొలుస్తుంది. అందుకే తిప్పమన్నా. ఆయన కుప్ప తిప్పడు, నాకు తెలుసు.

తమ్ముడు: ఆయన తిప్పుతానంటున్నాడు.

అక్క: ఫోటో పెట్టమను. రాడ్డు గుచ్చి, ముల్లు కనబడేట్టు.

తమ్ముడు: 62 చూపిస్తే?

అక్క: ఫోను పక్కన పెట్టు, లారీ హారన్ కొడుతున్నాడు, గేటు తాళం నా దగ్గరే ఉంది. నువ్వు మాట్లాడుతూ ఉండు.

తమ్ముడు: నేనొక్కణ్ణే ఏం మాట్లాడను? అక్కా... ఆపేస్తున్నా.