రెండో దెబ్బ ఎవడు తిన్నాడ్రా?

ఆయ్, అందరికీ నమస్కారమండి. వెనకాల వాళ్లకి వినిపిస్తోందా? సరే.

సెన్సర్లు, కోడ్ కలిపి వాయిద్యాలు చెయ్యడం నా పని. ఇంట్లో దీన్ని ఇప్పటికీ పనంటే ఒప్పుకోరు, అది వేరే సంగతి. మాది అమలాపురం పక్కన పల్లెటూరు, మా పెదనాన్న పెళ్లిళ్లకి డోలు వాయిస్తారు, అందుకని నేను మొదట చేసింది కూడా డోలే, కొబ్బరి చిప్పలతో. కోనసీమలో చిప్పలకి కరువా?

చిప్ప మీద రబ్బరు షీటు బిగించి, కింద పీజో బిళ్ల అంటించాను. పాటల గ్రీటింగ్ కార్డుల్లో కుయ్‌మంటుందే, ఆ ఇత్తడి బిళ్ల. కరెంటిస్తే మోగుతుంది, కొడితే తిరిగి మనకే కరెంటిస్తుంది. దానికి అడ్డంగా ఒక మెగాఓమ్ రెసిస్టర్, కోడ్ నడిపే బోర్డు కాలిపోకుండా, ఎక్కువైన వోల్టేజీని ఆపే ఒక జీనర్ డయోడ్, అంతే సామాను.

చిక్కెక్కడంటే, ఒక్క దెబ్బ కొడితే బిళ్ల కాసేపు వణుకుతూనే ఉంటుంది, కోడ్ దాన్ని నాలుగైదు దెబ్బలుగా లెక్కేస్తుంది. అందుకని దెబ్బ పడగానే 80 మిల్లీసెకన్లు కళ్లు మూసుకోమని రాశాను. నా చెవికి బ్రహ్మాండంగా ఉంది. పెదనాన్నని కూర్చోబెట్టాను. ఆయన మెల్లగా నాలుగు దెబ్బలేసి తలూపి, ఉన్నట్టుండి తాళి కట్టేటప్పుడు వాయించే గట్టిమేళం ఎత్తుకున్నారు, అంతే వేగంగా ఆపేసి నా వైపు చూసి, "ఒరే, ఒక దెబ్బ వినిపిస్తుంది, రెండో దెబ్బ ఎవడు తిన్నాడ్రా?" అన్నారు.

లెక్కేస్తే నిజమే. సెకనుకి 16 దెబ్బలంటే మధ్య దూరం 62 మిల్లీసెకన్లు, నా కోడ్ ఏమో 80 దాకా కళ్లు తెరవదు. ఇప్పుడేం చేశానంటే, ఇది దాటితేనే దెబ్బ అని కోడ్‌లో ఒక గీత ఉంటుంది, దెబ్బ పడగానే దాన్ని ఆ దెబ్బంత ఎత్తుకి లేపి, అక్కడ్నుంచి మెల్లగా కిందికి జారనిస్తాను. వణుకు ఆ గీత కిందే ఉండిపోతుంది, నిజం దెబ్బ పైకి దూకుతుంది.

కొట్టిన దెబ్బ వినిపించడానికి పట్టే ఆలస్యం సంగతీ చెప్పాలి. కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకి 44,100 ముక్కలుగా (శాంపిళ్లుగా) చేసి, 512 ముక్కలు పోగయ్యాకే (అదే బఫర్) బయటికి వదిలితే సుమారు 11.6 మిల్లీసెకన్లు, అంటే గాలిలో శబ్దం 4 మీటర్లు నడిచేంత సేపు. మేళంలో సన్నాయి ఆయన అంత దూరంలో నిలబడినా ఎవరికీ ఇబ్బంది లేదు కదా. ఆలస్యం ఒకేలా ఉంటే చెయ్యి సర్దుకుంటుంది, ఒకసారి 5, ఒకసారి 25 అయితే ఎంత వాయించేవాడికైనా టెన్షనే. నా విషయంలో కారణం సిగ్గుచేటు: ప్రతి రీడింగునీ 9600 బాడ్ సీరియల్లో, అంటే సెకనుకి 9600 బిట్లే పోయే నెమ్మది దారిలో, స్క్రీన్ మీదికి పంపిస్తున్నాను, అక్షరానికి ఒక మిల్లీసెకను చొప్పున అక్కడే పోతోంది.

తరవాత గమకాల మీద పడ్డాను. ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష మిడి, 1983లో వచ్చింది, పియానో మెట్లని చూసి పుట్టింది, దానికి 128 స్వరాలున్నాయి గానీ స్వరానికీ స్వరానికీ మధ్య జారుడు లేదు. హార్మోనియం మీద ఉన్న ఫిర్యాదే ఇది, ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించిందీ ఇలాంటి కారణాలకే. (మన పద్యనాటకాలు మాత్రం దాన్ని వదల్లేదు, మంచి పని చేశాయి.) మిడిలో జారుడుకి దారి పిచ్ బెండ్, అంటే మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ వంచడం. అందులో 16,384 మెట్లున్నాయి, కానీ మామూలుగా అది అటూ ఇటూ రెండేసి అరస్వరాలే జరుగుతుంది, కాబట్టి సింథ్‌లో, అంటే మిడిని శబ్దంగా మార్చేదాంట్లో, ఆ పరిధి 12 అరస్వరాలకి పెంచుకోండి. వెదురుబద్ద మీద, వేలు ఎక్కడుందో చెప్పే రిబ్బన్ సెన్సర్ అంటించి వేలు జార్చాను. వేలు తియ్యగానే రీడింగు గాల్లో తేలి స్వరం ఎటో ఎగిరిపోయేది, వేలు లేనప్పుడు రీడింగుని సున్నాకి లాగి ఉంచే పుల్‌డౌన్ రెసిస్టర్ పెట్టాక కుదురుకుంది.

రాగిటేపుతో చేసిన, ముట్టుకుంటే పాడే టచ్ పెట్టె ఇంకో రకం. మే నెలలో బుద్ధిగా ఉంది. శ్రావణంలో, గోదారి నిండుగా ఉండి గోడలు చెమ్మగిల్లే రోజుల్లో, ఎవరూ ముట్టుకోకుండానే అర్ధరాత్రి పాడింది, మా అమ్మ దయ్యం అనుకుంది. ఆన్ చేసినప్పుడు కొలిచిన విలువే పట్టుకుని కూర్చోకుండా, గాలిలో తేమతో పాటు అది కూడా మెల్లగా మారేలా రాయాలి.

ఇక మాటలు చాలు. పెదనాన్న ముందు వరసలోనే ఉన్నారు, చిప్పలు ఆయనకిస్తున్నాను. ఎవరూ ఆ వైరు తొక్కకండి.