టీఆర్‌ఎన్‌ఏ మడత విప్పుకోకుండా పట్టుకునేదేంటి?

(దృశ్యం: తిరుపతిలో ఒక ఇల్లు. బకెట్ అంచున తెల్లటి పొర.)

వాయిస్: బోరు నీళ్ళు వాడే ఇంట్లో ఈ పొర ఎంత రుద్దినా పోదు. నీటికి కాఠిన్యం తెచ్చేవి ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం అయాన్లు. ప్రోటీన్ల తయారీకి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ అనే అణువు దగ్గర, ఆ మెగ్నీషియమే కణంలో చేసే పని చూద్దాం.

(తెర మీద: క్లోవర్ ఆకు ఆకారంలో టీఆర్‌ఎన్‌ఏ.)

వాయిస్: ఇంటర్‌లో మనం గీసిన బొమ్మ ఇదే. మార్కులైతే వస్తాయి గానీ, కణంలో టీఆర్‌ఎన్‌ఏ ఇలా పరుచుకుని ఉండదు. మడత పడి ‘ఎల్’ అక్షరంలా మారుతుంది. ఈస్ట్‌లో ఫినైల్‌అలనీన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏ గొలుసులో 76 న్యూక్లియోటైడ్లు, అంటే లింకులు, ఉన్నాయి. వాటిలోని ఫాస్ఫేట్ భాగాలన్నిటి మీదా రుణావేశమే. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి కదా, మరి అంత ఇరుకులో ఎలా సర్దుకున్నాయి?

(యానిమేషన్: ఆరు నీటి అణువుల మధ్య మెగ్నీషియం.)

వాయిస్: మెగ్నీషియం చిన్న అయాన్, దాని మీద రెండు ధనావేశాలు. చాలా అయాన్లు ఒకచోట అతుక్కోకుండా, నీటి అణువులతో సహా ఆర్‌ఎన్‌ఏ చుట్టూ తిరుగుతూనే వికర్షణను తగ్గిస్తాయి. కొన్ని మాత్రం డి-లూప్ (క్లోవర్ బొమ్మలో ఒక పక్క ఆకు) లాంటి చోట్ల, గొలుసు గట్టిగా మలుపు తిరిగి ఫాస్ఫేట్లు దగ్గరపడేచోట, స్థిరంగా కూర్చుంటాయి.

కణంలో ధనావేశాలున్న పాలీఅమీన్లు అనే అణువులూ ఇదే పని చేస్తాయి, కానీ వాటి తీరు వేరు. స్పెర్మీన్ పొడవాటి, వంగే అణువు. నాలుగు ధనావేశాలు దాని పొడవునా ఉంటాయి. అందుకే రెండు పోగులు మెలితిరిగిన హెలిక్స్ గాడిలో పడుకుని, రెండింటి ఫాస్ఫేట్లనూ ఒకేసారి అందుకోగలదు. స్పెర్మిడీన్‌కు మూడు ఆవేశాలు, ప్యూట్రెసిన్‌కు రెండే. స్పెర్మీన్ కలిపాకే ఈ టీఆర్‌ఎన్‌ఏకు, ఆకారం తేల్చడానికి కావలసిన మంచి స్ఫటికాలు దొరికాయి. 1974లో అలెగ్జాండర్ రిచ్, ఆరన్ క్లూగ్ బృందాలు ఆ ‘ఎల్’ ఆకారాన్ని వివరంగా చూపించాయి. పాఠ్యపుస్తకాల్లో స్పెర్మీన్‌కు ఒక్క లైనైనా ఇవ్వాల్సింది!

(దృశ్యం: యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్.)

వాయిస్: ఎస్వీ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ చదివేవాళ్ళకు ఈ మెషీన్ కొత్తేం కాదు. టీఆర్‌ఎన్‌ఏని మెల్లగా వేడి చేస్తూ 260 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి. మడత విడిపోయేకొద్దీ యూవీ కాంతి శోషణ పెరుగుతుంది. ఉప్పు తక్కువగా ఉండి మెగ్నీషియం లేకపోతే ముందు ‘ఎల్’ మడత ఊడుతుంది, తర్వాత ఒక్కొక్క కాండం (పోగులు జతపడిన భాగం) విడిపోతుంది. మెగ్నీషియం సరిపడా వేస్తే బాగా ఎక్కువ వేడి దాకా తట్టుకుని, తర్వాత దాదాపు ఒక్కసారిగా విప్పుకుంటుంది.

(యానిమేషన్: డి-లూప్ దగ్గర సీసం అయాన్.)

వాయిస్: ధనావేశం ఉంటే చాలు, ఏ లోహమైనా పర్లేదు అనుకోకండి. సీసం అయాన్ ఈ మడతలో చేరితే 17, 18 న్యూక్లియోటైడ్ల మధ్య గొలుసునే తెంపేస్తుంది. మడత సరిగ్గా లేకపోతే ఆ కోత కూడా సరిగ్గా పడదు. అందుకే టీఆర్‌ఎన్‌ఏ సరిగ్గా మడతపడిందో లేదో తేల్చుకోవడానికి సీసాన్నే పరీక్షగా వాడతారు.