అలుగు లేని సరస్సులు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదులో ఉన్నవారికి చెరువు అంటే ఏమిటో కొత్తగా చెప్పవలసిన పని లేదు. రెండు గుట్టల నడుమ పారే వాగుకు అడ్డంగా కట్ట పోసి, పొలాలకు నీరు వదలడానికి తూము పెట్టి, నిండిన నీరు కట్టను తెంపకుండా ఒక పక్కగా పొర్లిపోవడానికి అలుగు కట్టడం మన దక్కను పీఠభూమిలో తరతరాలుగా సాగుతూ వచ్చిన విద్య. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో వెలసిన హుస్సేన్ సాగర్ కూడా ఆ కోవలోదే. అది నిండితే మిగులు నీరు నాలా గుండా మూసీలో కలుస్తుంది. ఈ రోజు నేను ప్రస్తావించబోయే సరస్సులకు కట్టలను కొండలే పోశాయి, కానీ అలుగు పెట్టడం మరిచాయి. లదాఖ్ ఆగ్నేయ భాగంలో, టిబెట్ వైపు పరచుకొని ఉన్న చాంగ్‌థాంగ్ అనే ఎత్తైన పీఠభూమిలోని పాంగాంగ్, త్సో మోరిరి, త్సో కార్ సరస్సుల స్వభావంలో చాలా భాగం ఈ ఒక్క లోటు నుండే పుట్టింది.

ముందుగా ఆ నేల సంగతి. గోల్కొండ చుట్టుపక్కల, బంజారా హిల్స్‌లో మనం చూసే బండరాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వాటితో పోలిస్తే లేహ్ పట్టణం వెనుక నిలబడ్డ గ్రానైట్ కొండలు నిన్న మొన్నటివి. వాటి వయస్సు కొన్ని కోట్ల సంవత్సరాలే. దక్షిణాన ఎక్కడో ఉన్న భారత భూఫలకం ఉత్తరంగా జరుగుతూ జరుగుతూ సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఆసియా భూఫలకాన్ని ఢీకొన్నది. ఆ రెండింటి నడుమ ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయింది. చాంగ్‌థాంగ్ దారుల్లో అక్కడక్కడ ముదురు ఆకుపచ్చగా, ఊదాగా కనిపించే రాళ్ళు ఆ సముద్రపు అడుగుభాగం నుండి పైకి వచ్చినవే. సింధు నది ఇక్కడ చాలా దూరం ఆ రెండు ఫలకాలు అతుక్కున్న రేఖ వెంబడే పారుతుంది.

అలా లేచిన కొండల మధ్య లోయల్లో ఒకప్పుడు నదులు పారేవి. పాంగాంగ్ నీరు తాంగ్‌త్సే గ్రామం వైపుగా వెళ్ళి శ్యోక్ నదిలోనూ, అక్కడి నుండి సింధులోనూ కలిసేది. త్సో మోరిరి నీరు దక్షిణంగా వెళ్ళి, ‘పారే ఛు’ అనే పేరున్న నది ద్వారా సట్లెజ్ వైపు పోయేది. పక్క లోయల నుండి వాగులు మోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ ప్రధాన లోయకు అడ్డంగా మేట వేసి, వచ్చిన నీటిని అక్కడే నిలబెట్టాయి. వానలు బాగా కురిసే దేశంలో అయితే నీరు ఆ మేటను దాటి ఎప్పుడో ఒకప్పుడు దారి చేసుకునేది. ఇక్కడ ఆ అవకాశం లేదు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే లేహ్‌లో పడేది 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. మంచు కరిగి సరస్సులో చేరే నీరూ, ఎండకూ గాలికీ ఆవిరయ్యే నీరూ దాదాపు సరిసమానంగా ఉంటాయి కాబట్టి సరస్సు పొర్లదు. నీరు ఆవిరైపోతుంది, అది రాళ్ళ నుండి కరిగించి తెచ్చిన లవణాలు మాత్రం మిగిలిపోతాయి. వేల సంవత్సరాలు ఇదే సాగితే నీరు ఉప్పగా మారక ఏమవుతుంది?

పాంగాంగ్ గురించి ఎక్కువ చెప్పను. సుమారు 4,250 మీటర్ల ఎత్తున, 134 కిలోమీటర్ల పొడవున సాగే ఈ సరస్సులో మూడో వంతు మన వైపు, మిగిలినది టిబెట్ వైపు ఉన్నాయి. ఒక హిందీ సినిమా చిత్రీకరణ తరువాత దాని ఒడ్డుకు యాత్రికులు బారులు తీరారు. ఉప్పునీరైనా చలికాలంలో అది గడ్డకడుతుంది, అంత చలి.

నా దృష్టిలో ఈ ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి త్సో కార్‌ను మించిన చోటు లేదు. 4,500 మీటర్లు మించిన ఎత్తులో, ఒకే పళ్ళెం వంటి విశాలమైన మైదానంలో అక్కడ రెండు సరస్సులు ఉన్నాయి. దక్షిణాన ఉన్న చిన్నది స్టార్ట్‌సాపుక్. దాని నీరు మంచినీరు. ఉత్తరాన ఉన్న పెద్దది త్సో కార్; అది గాఢమైన ఉప్పునీరు. రెండింటికీ ఆకాశం ఒకటే, ఎండ ఒకటే. తేడా ఎక్కడ ఉన్నదంటే, స్టార్ట్‌సాపుక్‌కు సన్నని పాయ రూపంలో ఒక అలుగు ఉన్నది, అందులో పొర్లిన నీరు త్సో కార్‌లోకి పోతుంది. త్సో కార్ నుండి మాత్రం ఎక్కడికీ పోదు. చిన్న సరస్సు తన లవణాలను ఎప్పటికప్పుడు వదిలించుకుంటూ ఉంటే, పెద్దది వాటినన్నిటినీ పోగు చేసుకుంటూ ఉంటుంది. పెద్ద సరస్సు అంచున నేల మీద తెల్లని పొర పేరుకొని ఉంటుంది. కాలు మోపితే ఆ పొర పెళుసుగా విరిగి, కింద నల్లని బురద బయటపడుతుంది. చాంగ్‌పా పశుపోషకులు కొన్ని దశాబ్దాల క్రితం వరకు ఇక్కడి ఉప్పును సేకరించి అమ్ముకునేవారు. చుట్టూ ఉన్న కొండల వాలు మీదకు చూపు సారిస్తే, ఒకదాని మీద ఒకటిగా అడ్డంగా సాగిన గీతలు కనిపిస్తాయి. అవి సరస్సు పాత ఒడ్డులు. ఒకప్పుడు నీరు ఇప్పటికంటే ఎన్నో పదుల మీటర్ల ఎత్తున నిలిచి ఉండేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర లేదు. 2020లో ఈ జంట సరస్సులను రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. త్సో మోరిరికి ఆ గుర్తింపు 2002లోనే వచ్చింది.

త్సో మోరిరి మరో తీరు. 100 మీటర్లకు మించిన లోతు, అంచున కోర్‌జోక్ అనే గ్రామం, అందులో ఒక బౌద్ధారామం, దాని దిగువన ప్రపంచంలోనే అత్యంత ఎత్తున సాగయ్యే పొలాల్లో చేరే కొద్దిపాటి బార్లీ చేలు. వేసవిలో ఇక్కడ గుడ్లు పెట్టే పక్షుల్లో ఒకటి మన తెలంగాణకు చుట్టమే. తెల్లని తల వెనుక రెండు నల్లని పట్టీలు ఉండే ఆ పెద్ద బాతును బార్ హెడెడ్ గూస్ అంటారు. ఈ జాతి పక్షులు చలికాలంలో హిమాలయాలను దాటి దక్షిణాదికి వస్తాయి. హైదరాబాదుకు తాగునీరిచ్చే మంజీర జలాశయం మీద కూడా ఇవి దిగుతుంటాయి. ఆ ప్రయాణంలో 7,000 మీటర్లకు మించిన ఎత్తున ఎగిరినట్లు వాటికి అమర్చిన పరికరాల ద్వారా నమోదైంది. వాటి రక్తంలోని హీమోగ్లోబిన్ పలుచని గాలిలో సైతం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకోగలదు. కేంద్రపాలిత ప్రాంతమైన లదాఖ్‌కు అధికారిక పక్షి అయిన నల్లమెడ కొంగ మాత్రం ఇంత దూరం రాదు. నిలబడితే మనిషి ఛాతీ ఎత్తు దాకా వచ్చే ఆ పక్షి త్సో కార్ పరిసరాల్లోని చిత్తడి నేలల్లో గూడు కడుతుంది. శిబిరాల దగ్గర పారేసిన తిండి మీద పెరిగిన ఊరకుక్కలు దాని గుడ్లకూ పిల్లలకూ ప్రమాదంగా మారాయి.

త్సో మోరిరి, త్సో కార్ సరస్సుల నడుమ దారిలోనే పూగా లోయ తగులుతుంది. వాగు పొడవునా నేలలో నుండి వేడినీరు ఉబికి వస్తూ, ఆవిరి లేస్తూ ఉంటుంది. ఒడ్డున బోరాక్స్ అనే లవణం తెల్లగా, గంధకం పసుపుగా పేరుకొని ఉంటాయి. ఆ ఎత్తులో నీరు సుమారు 85 డిగ్రీలకే మరుగుతుంది. కొన్ని ఊటల వేడి దాదాపు అంతవరకు చేరుతుంది. అన్నం వండుకోవడానికి ప్రెషర్ కుక్కర్ లేనిదే గడవకపోవడానికి కారణం కూడా ఇదే. 1970ల నుండి భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఇక్కడ బోర్లు వేసి పరిశీలించింది. మన హబ్సిగూడ దగ్గరి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు భూమి లోపలి విద్యుద్వాహకతను కొలిచి, ఆ వేడి ఎంత లోతున ఉన్నదో అంచనా కట్టారు. ఈ వేడితో ఒక మెగావాట్ విద్యుత్తు తయారు చేసే ప్రయత్నానికి 2021లో ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకున్నది.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. జూన్ నుండి సెప్టెంబరు వరకు అనువైన కాలం. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. విమానం దిగిన వెంటనే తిరుగుడు మొదలుపెట్టకుండా కనీసం రెండు రోజులు అక్కడే విశ్రాంతి తీసుకోవాలి. సరస్సుల దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ హైదరాబాదులో అందేదానిలో సుమారు 60 శాతమే. తలనొప్పి, వాంతులు, ఆయాసం పెరుగుతుంటే మాత్రం పట్టుదలకు పోకుండా కిందికి దిగిపోవాలి. సింధు వెంబడి ఉప్షి, చుమాథాంగ్ మీదుగా మహే వంతెన దాటి త్సో మోరిరి చూసి, పూగా, త్సో కార్ మీదుగా తగ్లాంగ్ లా కనుమ ఎక్కి లేహ్‌కు తిరిగి వస్తే, ఒకే చుట్టులో ఇవన్నీ కలిసివస్తాయి. త్సో మోరిరి ఒడ్డున గుడారాలు వేయడానికి అనుమతి లేదు, ఆ నిషేధం సమంజసమైనదే. సబ్బునీరు గానీ మరేదైనా గానీ ఒకసారి ఆ నీటిలో కలిస్తే బయటికి పోయే దారి లేదు కదా. ఇది సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతుల నియమాలు తరచుగా మారుతుంటాయి. బయలుదేరే ముందు లేహ్ జిల్లా యంత్రాంగం ప్రకటించిన తాజా వివరాలు చూసుకోండి. నమస్కారం.